మరక లేని కప్పు

నా మరిదికి ఒక దురలవాటు ఉంది. నేరం ఎవరు చేశారో ముందు తేల్చేసుకుని, సాక్ష్యాలు తర్వాత తీరిగ్గా ఏరుకుంటాడు. ఇన్‌స్పెక్టరు ఉద్యోగంలో ఇన్నేళ్ళూ అలాగే నెట్టుకొచ్చాడు. నేను ప్రైవేటు డిటెక్టివ్‌ని, పైగా అతని భార్యకు సొంత అక్కని. మా ఇద్దరికీ పడకపోవడానికి ఒకటి కాదు, రెండు కారణాలున్నాయన్నమాట.

ఆ మధ్యాహ్నం నేను స్టేషనులో అడుగుపెట్టేసరికి అతను కుర్చీలో వెనక్కి వాలి కాళ్ళూపుతున్నాడు. కేసు తేలిపోయినప్పుడు మాత్రమే అలా కాళ్ళూపుతాడు.

"రండి వదినగారూ. ఆలస్యం చేశారు, అంతా అయిపోయింది."

అయిపోయిందని అతనంటున్న సంగతి ఇదీ. ఫౌంటెన్ పెన్నులమ్మే చిన్న దుకాణం ఒకటుంది. దాని వెనక గదిలో ఒక పెద్దాయన తన చేత్తో రంగురంగుల ఇంకులు తయారుచేస్తాడు. నిన్న పొద్దున, కొత్తగా చేసిన రాణి రంగు ఇంకును రాసి చూస్తూ చూస్తూ బల్ల మీదే కూలిపోయాడు. పక్కన సగం ఖాళీ అయిన కాఫీ కప్పుంది. అందులో విషం ఉందని లాబొరేటరీ వాళ్ళు తేల్చారు. కాఫీ కలిపి తెచ్చింది కోడలు. ఇంకేముంది, కోడల్ని లాకప్పులో కూర్చోబెట్టారు. ఈ సాయంత్రమే మేజిస్ట్రేటు ముందు నిలబెట్టబోతున్నారు. పెద్దాయనేమో ఆసుపత్రిలో ఒంటి మీద తెలివి లేకుండా పడి ఉన్నాడు.

నా పెన్నులో ఎప్పుడూ ఉండేది ఆయన ఇంకే. కొడుకు పోయిన తర్వాత ఆ కోడలు పుట్టింటికి వెళ్ళలేదు. మామగారి చేతి కింద పని నేర్చుకుని, సీసాలు కడిగి, లేబుళ్ళు అంటించి దుకాణాన్ని నిలబెట్టుకొస్తోంది. ఆ అమ్మాయి విషం పెట్టిందంటే నా మనసు చచ్చినా ఒప్పుకోలేదు. అయితే నా మనసు కోర్టులో చెల్లదు కదా, అందుకే వచ్చాను.

మరిది గడ్డం పెరిగి ఉంది, చొక్కాకు ఇస్త్రీ లేదు. చెల్లి ఇంకా మాట్లాడటం లేదా అని అడిగాను. మొహం గంటు పెట్టుకున్నాడు. పెళ్ళాం పుట్టినరోజు మర్చిపోయిన పాపానికి మూడు రోజులుగా ఇంట్లో మౌనవ్రతం నడుస్తోంది. నిన్న పోనీలే అని నేనే ఫోన్ చేసి రాజీ కుదర్చబోతే, ఇంకోసారి ఆయన తరఫున రాయబారానికొస్తే నీ ఫోన్ కూడా ఎత్తనని మా చెల్లి నా మొహాన్నే చెప్పేసింది. దానికి కోపమొస్తే మనుషులు కనపడరు.

సాక్ష్యాల సంచిలో పెట్టిన కప్పును మరిది గర్వంగా నా ముందుంచాడు. అంచు చుట్టూ తిప్పి చూశాను. పాలలా తెల్లగా ఉంది. అప్పటికి నాకేమీ తట్టలేదని ఒప్పుకోవాలి. కోడలితో మాట్లాడతానన్నాను. పది నిమిషాలంటే పది నిమిషాలే అన్నాడు.

ఏడ్చి ఏడ్చి ఆ అమ్మాయి కళ్ళు ఉబ్బిపోయి ఉన్నాయి. నన్ను చూడగానే అడిగిన మొదటి మాట, మామయ్యకు ఎలా ఉందని. ఇక్కడ తనకెవరూ చెప్పడం లేదట. అలాగే ఉన్నారని చెప్పాను. నిన్న పొద్దున జరిగింది వరసగా చెప్పమన్నాను. తెల్లవారగానే మామగారు వెనక గదిలోకి వెళ్ళాడు. తను కాఫీ కలిపి ఆయన బల్ల మీద పెట్టి, కూరగాయలకని బయటికి వెళ్ళింది. తిరిగొచ్చేసరికి గుమ్మంలో అంబులెన్సు ఉంది. ఆయన్ని చూసి ఫోన్ చేసింది దుకాణంలో వాటాదారు. పెద్దాయనకు చిన్నప్పటి స్నేహితుడు, ముందు కౌంటరు చూసుకునేది ఆయనే. మామా కోడళ్ళు ముందు రోజు గట్టిగా అరుచుకున్నారని పోలీసులకు చెప్పింది కూడా ఆయనే.

అరిచావా అని అడిగాను.

"అరిచానండీ. ఎందుకు అరవను? ఇంకును నాలుకతో నాకకండి మామయ్యా అంటే వింటేనా."

ఇంకు నాకడమేమిటో విడమరిచి చెప్పమన్నాను. ఆమె చెప్పింది రాసుకోకుండానే నాకు గుర్తుండిపోయింది. కొత్త నిబ్బుకు ఫ్యాక్టరీలో పూసిన నూనె ఉంటుంది, అది పోతేగాని ఇంకు సరిగ్గా దిగదు. అందుకని ఆయన కాలంవాళ్ళు నిబ్బును నాలుకతో తడిపి అప్పుడు ఇంకులో ముంచేవాళ్ళట. ఈయనది అంతటితో ఆగదు. రాసి చూశాక నిబ్బును గుడ్డతో తుడవడు, మళ్ళీ నాలుకతోనే తుడుస్తాడు. ఇంకు పులిసిందో లేదో, గోందు ఎక్కువైందో తక్కువైందో నాలుకే చెబుతుందంటాడు. రుచి సరిగ్గా తెలియాలని ఆ పని అయ్యేదాకా కాఫీ ముట్టడు. అది అయ్యాకే తాగుతాడు.

"ఇంట్లో ఒక్క కప్పు తెల్లగా మిగల్లేదండీ. తోమి తోమి నా చేతులు పోతున్నాయి గాని ఆ మరకలు పోవు. విసుగొచ్చి మొన్న కొత్త సెట్టు కొన్నాను. నిన్న పొద్దున్నే మొదటి కప్పు తీశాను" అంటూ మళ్ళీ ఏడ్చింది.

నేను ఆ మాట దగ్గరే ఆగిపోయాను. కొత్త ఇంకు ఎన్ని సీసాలు పోశారని మాత్రం ఇంకొకటి అడిగాను. ఆరు అంది, లేబుళ్ళు తనే అంటించిందట. ధైర్యంగా ఉండమని చెప్పి బయటికొచ్చి, ఆసుపత్రికి ఫోన్ చేశాను. డాక్టరమ్మ నాకు తెలిసినావిడే. పెద్దాయన మూతి ఏ రంగులో ఉందని అడిగితే ఆవిడ నవ్వింది. పెదాలూ నాలుకా ముదురు గులాబీ రంగులో మెరిసిపోతున్నాయని, ఏం రుద్దినా పోవడం లేదని చెప్పింది. తర్వాత గొంతు తగ్గించి ఇంకో మాట చెప్పింది. కప్పులో మిగిలినదాన్లో విషం చాలా గాఢంగా ఉందట. అది సగం కప్పు తాగి ఉంటే ఆయన్ని ఆసుపత్రిదాకా మోసుకొచ్చే పనే ఉండేది కాదట. ఒంట్లోకి వెళ్ళింది బహుశా చుక్కో రెండు చుక్కలో అయ్యుంటుందని, అందుకే ఈ పూట గడిస్తే మనిషి దక్కుతాడని అంది.

దక్కుతాడన్న మాట వినగానే నాకు ఊపిరి తిరిగింది. ఇక కోడలి సంగతి చూడాలి. సాయంత్రంలోగా దుకాణం చూడాలని మరిదితో అన్నాను. చూసి ఏం చేస్తారని గొణిగాడు గాని జీపు తీశాడు. నేను తప్పని నా ఎదురుగా నిరూపించే అవకాశాన్ని అతను వదులుకోడు.

ముందు గది అద్దంలా ఉంది. గాజు పలకల మీద వేలిముద్ర లేదు, పెన్నులు సైజులవారీగా పడుకుని ఉన్నాయి. వాటాదారు తెల్ల చొక్కాలో ఎదురొచ్చి, భుజం మీది పసుపు గుడ్డతో నాకు కుర్చీ తుడిచాడు. మనిషి మర్యాదస్తుడు. స్నేహితుడికిలా జరిగిందని రెండుసార్లు కళ్ళొత్తుకున్నాడు. కోడలి గురించి తనే కదిపాడు. పెద్దాయన తన వాటానూ ఇంకుల తయారీనీ ఆ అమ్మాయి పేర రాయాలనుకుంటున్నాడట, అంతవరకు ఆగలేకపోయిందేమో పాపం అన్నాడు. ఆమె లేకపోతే ఆ వాటా ఎవరికొస్తుందని అడిగాను. కొంచెం ఆలోచించినట్టు మొహం పెట్టి, పాత ఒప్పందం ప్రకారం బతికున్న వాటాదారుకే వస్తుందని, ఏం చేసుకోను నేనని నిట్టూర్చాడు.

వెనక గది ఇంకో లోకం. గోడల మీద, తలుపు గడియ మీద, స్విచ్చుల మీద, కుర్చీ చేతుల మీద, ఆఖరికి గోడ గడియారం ముళ్ళ మీద కూడా రంగులే. నీలం వేళ్ళతో ముట్టిన చోట నీలం, ఆకుపచ్చ చేతులతో ముట్టిన చోట ఆకుపచ్చ. కుళాయి కింద తెల్లటి తొట్టి ఎప్పుడో తెల్లదనం మర్చిపోయింది. పక్కనే చిన్న వంటగది. అలమరలో పాత కప్పులు బోర్లించి ఉన్నాయి. ఒక్కొక్కటీ తీసి చూశాను. ప్రతి కప్పు అంచునా పెదవి ఆనే చోట ఒక మరక. ఒకదానికి ఊదా, ఒకదానికి నారింజ, ఒకదానికి నెమలి కంఠం రంగు.

బల్ల మీద నిన్నటి కాగితం అలాగే ఉంది. పెద్దాయన ఏ ఇంకు చేసినా ముందు సున్నాలు చుడతాడు, తర్వాత గీతలు గీస్తాడు, తర్వాత ఒక చుక్కను వేలితో పులుముతాడు. అన్నీ ఉన్నాయి. ఆ రంగు చూస్తే నాకే నోరూరింది. కళ్ళు చెదిరే రాణి రంగు. ఆరిన గీతల అంచుల్లో సన్నగా బంగారు మెరుపు తేలింది. అంత మంచి రంగు తయారుచేసి, అది ఆరేదాకా చూసుకోకుండానే మనిషి పడిపోయాడని నాకు బాధేసింది.

కాగితం పక్కన ఒక నిబ్బు కలం, మూత తీసిన రాణి రంగు ఇంకు సీసా ఉన్నాయి. సీసాను కదపకుండా మోకాళ్ళ మీద వంగి దాని మెడ చూశాను. తర్వాత మరిదిని పిలిచాను.

"ఈ గదిలో ఆయన వాడిన వస్తువుల్లో మరక లేనివి ఎన్నున్నాయో చూసి చెప్పు."

చిన్నపిల్లల ఆటలకు టైము లేదన్నాడు. ఆడమన్నాను. అటూ ఇటూ చూసి ఏమీ లేవన్నాడు. ఉన్నాయి, రెండున్నాయి, ఒకటి నువ్వు సంచిలో పెట్టుకుని తిరుగుతున్నావు అన్నాను. కప్పు తీయించి వంటగది కప్పుల పక్కన పెట్టాను. పెద్దాయన మూతి నిండా రాణి రంగుంది. అది డాక్టరమ్మ రుద్దినా పోలేదు. ఆ మూతితో సగం కాఫీ తాగితే కప్పు అంచుకు అంటకుండా ఎలా ఉంటుంది? కాఫీ ముందే తాగాడేమో అన్నాడు మరిది. ముందు తాగే అలవాటే ఉంటే ఈ అలమరలో ఇన్ని రంగుల కప్పులు ఎందుకున్నాయని అడిగాను. దానికి తోడు డాక్టరు అన్నది కూడా చెప్పాను. అతను కాళ్ళూపడానికి కుర్చీ లేదు గాని, ఉన్నా ఊపేవాడు కాదు.

"అంటే ఆయన ఆ కాఫీ ముట్టనేలేదు. ఎవరో సగం పారబోసి, మిగిలినదాన్లో విషం కలిపి పెట్టారు. ఎవరి మీదకు పోవాలని పెట్టారో వాళ్ళ మీదకే పోయింది."

"మరి ఆయన ఎలా పడిపోయాడు వదినా?" గారు ఎగిరిపోయింది. అంటే నిజంగానే ఆలోచనలో పడ్డాడు.

ఈ ఇంకు నాకి, అన్నాను.

గుమ్మంలో నిలబడి వింటున్న వాటాదారు ఫక్కున నవ్వాడు. తర్వాత నవ్వినందుకు క్షమించమన్నాడు. ఇంకులో విషమన్న మాట బయటికి పొక్కితే రేపటినుంచి దుకాణం గడప తొక్కేవాడుండడని, జీవితమంతా పోసి పెంచిన పేరని బతిమాలాడు. మరిదికి కూడా నా మాట మీద గురి కుదరలేదు. ఊహలతో కేసులు నడవవన్నాడు. నేను సీసా మీదకు వేలు చూపించి, అయితే ఎవరైనా దీన్ని నాలుక మీద పెట్టుకుని చూపించండి అన్నాను. మరిది ఒకడుగు వెనక్కేశాడు.

వాటాదారు మాత్రం ముందుకొచ్చాడు. నిబ్బు తీసి సీసాలో ముంచి, మా ఇద్దరివైపూ చూస్తూ నాలుక మీద గీత గీసుకున్నాడు. నాలుక చాపి చూపించాడు.

"చూశారా అమ్మా? ఇందులో ఏమీ లేదు."

"లేదని నాకు తెలుసు. సీసా మెడ చూశాను. పెద్దాయన ముంచి తీసిన సీసా అయితే మెడ లోపల ఇంకు చార ఉండాలి, నిబ్బు తట్టిన చోట అంచు మీద చుక్క ఉండాలి. ఇది పెళ్ళికూతురిలా శుభ్రంగా ఉంది. నిన్న ఆయన ముంచిన సీసా ఇది కాదు. నాకలా తెలిసింది. మీకెలా తెలిసింది?"

కలం ఇంకా ఆయన చేతిలోనే ఉంది. మెల్లగా బల్ల మీద పెట్టాడు. మా సరుకు మీద నమ్మకం అన్నాడు. ఒక మనిషి ఆ బల్ల మీదే కుప్పకూలాడని, ఇంకులో విషముందని ఇప్పుడే విని కూడా క్షణం తటపటాయించని నమ్మకం నేనెక్కడా చూడలేదు. మరిది కూడా చూసి ఉండడు. చెయ్యి నడుము దగ్గరికి పోనిచ్చి, జీపు దగ్గరున్న కానిస్టేబుల్‌ను కేకేశాడు.

నేను అప్పటికే అలమర పక్కన ఉన్న చెక్క తట్ట దగ్గరికి వెళ్ళాను. కొత్త ఇంకు సీసాలు పెట్టడానికి గుంటలు చేసిన తట్ట అది. అందులో నాలుగున్నాయి, మూతలు బిగించి, అన్నీ శుభ్రంగా. బల్ల మీదిది అయిదు. కోడలు లేబుళ్ళు అంటించింది ఆరు. విషం కలిసినది ఆరోది. తొట్టిలో పారబోస్తే ఈ రంగు పొమ్మన్నా పోదు. ఒట్టి సీసా చెత్తలో వేస్తే పోలీసులు వెతుకుతారు. అంబులెన్సు వెనకే పోలీసులు వచ్చి గుమ్మంలో నిలబడ్డారు. మరి ఎటు పోయింది? అదే అడిగాను.

"అమ్మేశాను" అన్నాడు వాటాదారు.

"ఎవరికి?"

ఆయన నోటితో చెప్పలేదు. కళ్ళతో చెప్పాడు. ఆ కళ్ళు నన్ను దాటి మా మరిది మీద ఆగాయి.

మరిది మొహంలో నెత్తురు చుక్క లేదు. నిన్న ఈ గది తనిఖీ చేశాక, ఆ రంగు బావుందని ఊరికే అన్నాడట. వాటాదారు మర్యాదగా ఒక సీసాను మెరిసే కాగితంలో చుట్టి, రిబ్బను కట్టి, ఇంట్లో అమ్మగారికివ్వండి అని చేతిలో పెట్టాడట. డబ్బులిచ్చి కొన్నానన్నాడు మరిది, అదేదో పెద్ద ఊరట అన్నట్టు. పుట్టినరోజు మర్చిపోయిన తప్పుకు పరిహారంగా రాత్రే చెల్లికిచ్చాడట. పోలీసు జేబు కన్నా భద్రమైన చోటు ఎక్కడుంటుంది చెప్పండి.

జీపు తియ్యమని అరిచాను. ఎందుకంటే మా చెల్లి సంగతి నాకు తెలుసు. బళ్ళో చదివే రోజుల్నుంచీ దానికో జబ్బు. పెన్నులో ఇంకు పోసేటప్పుడల్లా నిబ్బును పంటితో పట్టి లాగుతుంది. బిగుసుకుంటే నోట్లోనే పెట్టి తిప్పుతుంది. మా అమ్మ ఎన్ని మొట్టికాయలు వేసినా ఏడాది పొడుగునా దాని నాలుక నీలంగానే ఉండేది. ఇప్పుడు టీచరయ్యాక కూడా ఇంకు పెన్నుతోనే రాస్తుంది, పంటితోనే లాగుతుంది. ఈ మాట మరిదికి చెప్పక్కర్లేకపోయింది. అతనికీ తెలుసు.

వాటాదారును కానిస్టేబుల్‌కు అప్పగించి జీపెక్కాం. మరిది ఫోన్ చేశాడు. ఒకసారి మోగి కట్టయింది. మళ్ళీ చేశాడు, మళ్ళీ కట్టయింది. కట్ చేస్తోందంటే బతికుందిలే అని నేనే ధైర్యం చెప్పాను. మూడోసారి చేస్తే కట్ కాలేదు, మోగి మోగి ఆగిపోయింది. నేను నా ఫోన్‌తో చేశాను. ఎత్తలేదు. రాయబారానికొస్తే ఎత్తనంది కదా. అన్నమాట నిలబెట్టుకుంటోందా, లేక ఎత్తే స్థితిలోనే లేదా? దాని మొండితనాన్ని నేను జీవితంలో మొదటిసారి చేతులెత్తి మొక్కి కోరుకున్నాను. మరిది హారన్ మీది చెయ్యి తీయకుండా జీపు తోలాడు. ఎన్నో ఏళ్ళుగా అతన్ని ఎద్దేవా చేస్తూనే ఉన్నాను. ఆ దారి పొడుగునా మాత్రం నాకు ఒక్క వెటకారం కూడా నోటికి రాలేదు.

తలుపు తీసే ఉంది. హాల్లో బల్ల మీద పెన్ను విప్పి ఉంది. గొట్టం ఒకచోట, నిబ్బు ఒకచోట, కింద పాత గుడ్డ. చెల్లి సోఫాలో గోడవైపు తిరిగి పడుకుని ఉంది. ఫోన్ నేల మీద పడి ఉంది.

మరిది చెల్లిని పేరు పెట్టి పిలిచాడు. పలకలేదు. దగ్గరికెళ్ళి మళ్ళీ పిలిచాడు. ఉలుకూ పలుకూ లేదు. నా పై ప్రాణాలు పైనే పోయాయి. అతను భుజం పట్టుకుని ఊపేసరికి చెల్లి గిర్రున తిరిగింది.

"ఏంటండీ ఈ గోల? మాట్లాడనన్నానా లేదా? మనుషుల్ని పడుకోనివ్వరా?"

మరిది అలాగే నేల మీద కూలబడి, యూనిఫారంలోనే, భోరుమని ఏడ్చాడు. చెల్లి హడలిపోయి నావైపు చూసింది. నేను వెళ్ళి దాని నోరు తెరిపించి నాలుక చూశాను. ఎర్రగా, మామూలుగా, దేవుడిచ్చిన నాలుకలా ఉంది. అక్కా నీకేమైనా పిచ్చా అని చెయ్యి విదిలించింది. ఇంకెక్కడే అని అడిగాను.

దానికి కోపం మళ్ళీ గుర్తొచ్చింది. పుట్టినరోజు మర్చిపోయి, ఎవడో దుకాణంవాడు చుట్టిచ్చిన సీసాతో సరిపెట్టుకుంటాననుకున్నాడా ఈయన అంది. కాగితం కూడా విప్పలేదు, ఫ్రిజ్ మీదకు విసిరేసిందట. పెన్నులోకి ఇంట్లో ఉన్న పాత నీలం ఇంకే పోసుకుందామని విప్పి, అది కూడా అయిపోయిందని తెలిసి, ఇంకా మండి పడుకుందట. ఫ్రిజ్ మీద చూశాను. మెరిసే కాగితం మెరుస్తూనే ఉంది, రిబ్బను ముడి ముడిలాగే ఉంది. దాన్ని చూసి నేనంత సంతోషపడతానని ఎప్పుడూ అనుకోలేదు.

"మీ ఆయన మళ్ళీ పుట్టినరోజు మర్చిపోతే ఏమీ అనకే. ఈసారికి ఆ మతిమరుపే నిన్ను కాపాడింది" అన్నాను. జరిగింది మొత్తం చెప్పాను. చెల్లి సోఫా దిగి మొగుడి పక్కన నేల మీద కూర్చుని, కొంగుతో అతని మొహం తుడిచింది. మౌనవ్రతం అలా ముగిసింది. నేను వాళ్ళవైపు చూడకుండా చేతులకు ప్లాస్టిక్ సంచులు తొడుక్కుని సీసా విప్పాను.

మెడ లోపల ఇంకు చార ఉంది. అంచు మీద, నిబ్బు తట్టిన చోట, ఎండిన చుక్క ఒకటి బంగారు మెరుపుతో కూర్చుని ఉంది. పెద్దాయన ముంచిన సీసా ఇదే.

తర్వాతదంతా మరిది చకచకా చేశాడు. పని పడితే చేయగలడు, కాదనను. లాబొరేటరీ వాళ్ళను నిలబెట్టి పరీక్ష చేయించాడు. కప్పులో ఉన్న విషమే సీసాలోనూ ఉంది. వాటాదారు ఆ సీసాను చూడగానే ఒప్పేసుకున్నాడు. ఇంకు నాకే మనిషి లోకంలో తన స్నేహితుడొక్కడేననీ, మిగతావాళ్ళు రాసుకుంటారంతేననీ అనుకున్నాడట. రోజూ కాఫీ కప్పులు తోమేది కోడలు గనక, ఆ మరకల సంగతి ఆయనకెప్పుడూ తెలియలేదు. ముందు గది అద్దాల్లో ఒక్క మరక ఉండనివ్వని మనిషి, చివరికి మరక లేకపోవడం దగ్గరే దొరికిపోయాడు.

మేజిస్ట్రేటు దగ్గరికి కోడలు వెళ్ళాల్సిన పని లేకపోయింది. లాకప్పు తాళం మరిదే స్వయంగా తీసి, చేతులు కట్టుకుని, తప్పయిపోయిందమ్మా అన్నాడు. ఆ అమ్మాయి ఆ మాట వినిపించుకోనేలేదు. మామయ్య దగ్గరికి తీసుకెళ్ళండి అంది. అందరం ఆసుపత్రికి వెళ్ళాం.

మేం వెళ్ళేసరికి పెద్దాయన కళ్ళు తెరిచి పావుగంటయిందని డాక్టరమ్మ చెప్పింది. ఎక్కువ మాట్లాడించొద్దంది. దిండు మీద ఆ మొహం పాలిపోయి ఉంది గాని, మూతి మాత్రం జాతరకు ముస్తాబైనట్టు ముదురు రాణి రంగులో వెలిగిపోతోంది. కోడలు మంచం పట్టీ పట్టుకుని నిలబడింది. ఆయనే చూశాడు. లాకప్పు సంగతి, కోర్టు సంగతి, స్నేహితుడి సంగతి ఆయనకింకా ఎవరూ చెప్పలేదు. పెదాలు తడుపుకుని, ఏదో పెద్ద తప్పు చేసినవాడిలా మెల్లగా అన్నాడు.

"అమ్మాయ్, నువ్వు పెట్టెళ్ళిన కాఫీ తాగనేలేదే. ఇంకు చేదుగా తగిలింది, ఉమ్మేసి చూద్దామనుకునేలోపే కళ్ళు తిరిగాయి. కప్పు నిండా అలాగే ఉండిపోయింది. చల్లారిపోయుంటుంది."

కోడలు మంచం మీద తలపెట్టి ఏడ్చింది. ఆయన చెయ్యి ఆమె తల మీదకు వెళ్ళింది. వేళ్ళ చివరన కూడా అదే రంగు.

మా మరిది టోపీ తీసి చేతిలో పట్టుకున్నాడు. ఇక్కడ మంచి కాఫీ ఎక్కడ దొరుకుతుందని నర్సును అడిగి, తనే తేవడానికి వెళ్ళాడు.